ఉడకబెట్టే సారు పచ్చతొక్కు

చిన్నమ్మ ఫోన్ చేసినప్పుడు నేను నకిరేకల్ బడిలో నాలుగో పీరియడ్ ముగించుకొని స్టాఫ్ రూములో కూర్చుని ఉన్నాను. ఆమె ఏడవలేదు. "ఇయ్యాల పొద్దుగాల మీ కాక పోయిండు బిడ్డా," అంది. తర్వాత, "డాక్టరు కాయితం మీద ఎనిమిది గంటలని రాసిండు. ఎనిమిది గాదు. ఏడు గంటల యాభై రెండు. నేను గడియారం జూసిన. మార్చి రాయమన్న," అంది.

మార్చాడా అని అడిగాను. మార్చాడట. మట్టి చేసేది రేపు పదకొండు గంటలకనీ, పదకొండంటే పదకొండేననీ చెప్పి పెట్టేసింది.

ఫోన్ బల్ల మీద పెట్టాక నాకు నవ్వొచ్చింది. ఆ వెంటనే కళ్లల్లో నీళ్లొచ్చాయి. పక్కన కూర్చున్న తెలుగు టీచరు ఏమైందని అడిగింది. మా కాక చనిపోయాడని చెప్పాను. సొంత కాకనా అంది. కాదు, నందికొండలో మా పక్క క్వార్టరాయన అన్నాను. ఆమె, పక్క క్వార్టరాయన పోతే నవ్వి ఏడ్చే మనిషిని ఎప్పుడూ చూడలేదన్నట్టు నా వైపు ఒకటి రెండుసార్లు చూసింది.

నందికొండ నా మొదటి ఉద్యోగం ఊరు. తెలంగాణ వచ్చిన మరుసటేడు ఆలేరు నుంచి పెట్టె సర్దుకొని వెళ్లి, అక్కడి బడిలో ఇంగ్లీషు టీచరుగా చేరాను. హిల్ కాలనీలో ఒక పాత క్వార్టరులో సగం కిరాయికి తీసుకున్నాను. మిగతా సగంలో కాక, చిన్నమ్మ ఉండేవాళ్లు. మధ్యలో గోడ, వెనకాల ఇద్దరికీ కలిపి ఒకే పెరడు. ఆయన అక్కడ కృష్ణ మీద డ్యాం కట్టేటప్పుడు రాళ్లు మోయడానికి వచ్చిన కూలీల కొడుకు. కాలనీ దవాఖానలో ఆపరేషన్ థియేటర్ అటెండరుగా చేరి, అదే పనిలో రిటైరయ్యాడు. కత్తులు, కత్తెరలు, గుడ్డలు ఆవిరి పెట్టెలో పెట్టి ఉడికించడం ముప్పై ఏళ్లకు పైగా ఆయన పని. కాలనీలో ఆయనను పేరు పెట్టి ఎవరూ పిలిచేవాళ్లు కాదు. ఉడకబెట్టే సారు అనేవాళ్లు. అందులో ఎగతాళి సగం, భయం సగం.

చేతులు కడుక్కోవడం ఆయనకు చిన్న పని కాదు. గోళ్ల దగ్గర మొదలుపెట్టి మోచేతుల దాకా సబ్బు రాసి, నీళ్లు మోచేతుల నుంచి కారేలా రెండు చేతులూ పైకెత్తి పట్టుకొని, వంటింటి తలుపును భుజంతో తోసుకుంటూ లోపలికి వచ్చేవాడు. కొత్తగా వచ్చిన పోస్ట్‌మ్యాన్ మొదటిసారి ఆయనను అలా చూసి, తన వెనక ఎవరైనా తుపాకీ పట్టుకొని నిలబడ్డారేమోనని తిరిగి చూశాడట. ఆ సంగతి చిన్నమ్మ ప్రతి కొత్త మనిషికీ చెప్పేది. "దవాఖాన కొలువు ఈయన ఇడిచిపెట్టిండు గని, దవాఖాన ఈయనను ఇడిచిపెట్టలే," అనేది.

గడియారం విషయంలో ఇంకా ఘోరం. ఎవరైనా పది నిమిషాల్లో వస్తామంటే, పదా పదకొండా అని అడిగేవాడు. వెటకారం కాదు, నిజంగానే తెలుసుకోవాలని. ఎడమ చేతికి ఒక కీ ఇచ్చే గడియారం ఉండేది. దాన్ని నిద్రపోయేటప్పుడు కూడా తీసేవాడు కాదు. మసీదు అజాన్‌కూ చర్చి గంటకూ ఆ గడియారాన్ని సరిచూసేవాడు. తేడా వస్తే అజాన్‌దీ గంటదీ తప్పనేవాడు.

నేను చేరిన నెలకో ఏమో, ఒక సాయంత్రం ఆయన మా గుమ్మం ముందు నిలబడి దగ్గాడు. చేతిలో విదేశీ స్టాంపులున్న కవరు. రెండు చేతులతో పట్టుకొని ఉన్నాడు, ఆవిరి పెట్టెలోంచి అప్పుడే తీసిన వస్తువులాగా. "టీచరమ్మా, గిది జర సదివి పెట్టు," అన్నాడు.

ఏడాది కింద మెక్సికో నుంచి ఒక పెద్దావిడ కొండ మీద మ్యూజియం చూడటానికి వచ్చి, లాంచీ మెట్ల మీద జారి పాదం కోసుకుంది. డాక్టరు కుట్లు వేస్తే కాక కట్టు కట్టాడు. ఆమె ఊళ్లో ఉన్న నాలుగు రోజులూ లాడ్జికి వెళ్లి కట్టు మార్చాడు. ఆమె కృతజ్ఞతగా ఉత్తరం రాసి, ఒక చిన్న పొట్లంలో ఆరు విత్తనాలు పెట్టి, వాటితో ఏం చేయాలో ఒక అట్ట మీద రాసి పంపింది.

నేను చదివి చెప్పాను. టొమాటిల్లో అని ఒక కాయ. మన టమాటకు దూరపు చుట్టం. పచ్చగా ఉంటుంది, పైన కాగితంలాంటి తొడుగు ఉంటుంది. ఆ తొడుగు ఒలిచి, జిగురు పోయేలా కడిగి, తోలు మీద బొబ్బలొచ్చేదాకా పెనం మీద కాల్చాలి. పచ్చిమిర్చి, ఉల్లిగడ్డ, ఎల్లిపాయ, కొత్తిమీర వేసి రుబ్బాలి. ఉప్పు, నిమ్మరసం కలిపి పొంగు రానివ్వాలి. వేడి మీదనే సీసాల్లో పోసి మూతలు బిగించి, ఆ సీసాలను నిలువునా మునిగేలా నీళ్లలో పెట్టి కొంచెంసేపు మరిగిస్తే, ఏడాదైనా చెడిపోదు. వాళ్ల దేశంలో దీన్ని సాల్సా అంటారు. మా అమ్మ ఇలాగే చేసేది అని చివర రాసింది.

అప్పటిదాకా ఆయన మర్యాదకు విన్నాడు. సీసాల మాట రాగానే కుర్చీలో ముందుకు జరిగాడు. "సీసనే ఉడకబెడ్తరా?" అన్నాడు.

అవునన్నాను.

"మూత పెట్టినంకనా?"

అవునన్నాను. ఆయన ముఖం వెలిగింది. ఉద్యోగం దిగిపోయిన దగ్గర నుంచీ ఉడకబెట్టడానికి సరైన వస్తువు దొరక్క ఎంత ఇబ్బంది పడుతున్నాడో అప్పుడు అర్థమైంది. కానీ అంతలోనే మళ్లీ చిరాకు పడ్డాడు. కొంచెంసేపంటే ఎంతసేపో అట్ట మీద లేదు. రెండు వైపులా తిప్పి చూపించమన్నాడు. లేదు. మనుషుల ప్రాణాలతో పని ఉన్న చోట కొంచెంసేపని ఎట్లా రాస్తారని అడిగాడు. ఆ రాత్రే నా చేత మెక్సికోకు ఉత్తరం రాయించాడు. కుశలప్రశ్నలు రెండు లైన్లు, ఆమె పాదం గురించి ఒక లైను, ఆ తర్వాత అసలు ప్రశ్న: ఎన్ని నిమిషాలు?

జవాబు వచ్చేసరికి నాలుగు నెలలు పట్టింది. ఈలోగా మూడు విత్తనాలు నాటాడు. ఒకటే మొలిచింది. నడుము ఎత్తు పెరిగింది, పసుపు పువ్వులు పూసింది, పువ్వులన్నీ రాలిపోయాయి. అక్కడక్కడ తొడుగులు వేలాడాయి కానీ లోపల కాయ లేదు. చిన్నమ్మ చూసి, ఇది చేన్లల్ల మొలిచే బుడ్డకాయ చెట్టు, పిల్లలు నుదుటికి కొట్టుకొని టప్పుమని పగలగొడతారే అదేనని, పీకి పారేయమని చెప్పింది. ఆయన పీకలేదు. పొద్దున్నే వెళ్లి ఒక్కో తొడుగునూ వేళ్లతో మెల్లగా నొక్కి చూసేవాడు, గర్భిణి కడుపు మీద చెయ్యి పెట్టి చూసే నర్సులాగా.

మెక్సికో జవాబులో రెండు సంగతులున్నాయి. ఒకటి, ఇరవై నిమిషాలు. రెండు, ఒంటరి చెట్టు కాయదు, పక్కన తోడు చెట్టు ఉండాలి. ఇది విని చిన్నమ్మ, చెట్టుకున్న తెలివి ఈ మనిషికి లేదని, పెళ్లయి ముప్పై రెండేళ్లయినా వంటింట్లో తోడు వద్దంటాడని నాతో అంది. ఆయన వినలేదు. ఇరవై అన్న అంకె చుట్టూ నా ఎర్ర పెన్నుతో సున్న చుట్టి, అట్టను వంటింటి గోడకు అతికించాడు.

మిగిలిన మూడు విత్తనాల్లో మరుసటేడు రెండు మొలిచాయి. ఇక వెనుదిరిగి చూసింది లేదు. రాలిన కాయల నుంచి వాటంతటవే మొక్కలు లేచి, మూడో ఏటికి పెరడంతా పచ్చ బుడ్డలు వేలాడాయి. బట్టలారేసుకోవడానికి నాకు జాగా లేకుండా పోయింది.

ఆయన తొక్కు చేసే రోజు క్వార్టరు దవాఖాన వాసన వచ్చేది. ముక్కుకు, నోటికి తెల్ల రుమాలు కట్టుకునేవాడు. అప్పటికి లోకంలో ఎవరూ అలా కట్టుకోవడం లేదు. చిన్నమ్మ రోట్లో నూరతానంటే ససేమిరా ఒప్పుకోలేదు. రాతి సందుల్లో ఏముందో ఎవరు చూశారు, కంటికి కనపడేది మురికి కాదు, కనపడనిదే మురికి అనేవాడు. అత్తగారి నాటి రోలును అంత మాటన్నందుకు చిన్నమ్మ ఆ తొక్కును జన్మలో ముట్టనని చెప్పి, మాట నిలబెట్టుకుంది. మిక్సీ గిన్నెను, గరిటెలను, గరాటును కూడా ఉడకబెట్టేవాడు. సీసాలు పాతవే కానీ మూతలు కొత్తవి, హైదరాబాద్ నుంచి తెప్పించేవాడు. రేకు మూతలు, మధ్యలో చిన్న బొడిపె ఉంటుంది. ఉడికిన సీసా చల్లారుతుంటే ఆ బొడిపె టిక్కుమని లోపలికి గుంజుకుంటుంది. ఇక లోపలికి గాలి పోదని లెక్క. సీసాలను బల్ల మీద తువ్వాలు పరిచి వరసగా నిలబెట్టి, ఎదురుగా స్టూలు వేసుకొని ఒక్కో టిక్కునూ లెక్కపెట్టేవాడు. ఆఖరిది వినపడేదాకా ఎవరినీ మాట్లాడనిచ్చేవాడు కాదు. తర్వాత ఒక నోటుపుస్తకంలో గడులు గీసి రాసుకునేవాడు. ఎన్నో గంజు, అంటే పెద్ద గిన్నెలో పెట్టిన ఎన్నో వాయి, ఎన్ని సీసాలు, ఎన్ని నిమిషాలు, ఎవరికిచ్చింది. సీసాకు ప్లాస్టరు ముక్క అంటించి దాని మీద గంజు నంబరు వేసేవాడు.

రుచి గురించి చెప్పాలి. మన చింతకాయ పులుపు కాదు, మామిడికాయ పులుపు కాదు. నాలుక మీద పడగానే చల్లగా ఉండి, మింగాక మెల్లగా కారం తెలిసే పులుపు. జొన్నరొట్టెలోకి బాగుండేది, వేడన్నంలోకి అంతంతమాత్రం. దాని అసలు జోడీ ఏదో కనిపెట్టింది డ్యాం దారిలో చేపలు వేయించి అమ్మే ఆమె. మేమందరం చేపలక్క అనేవాళ్లం. కాక ఇచ్చిన సీసాను ఆమె ఊరికే వేయించిన చేప ముక్క పక్కన పెట్టి చూసింది. ఆ వారం నుంచి హైదరాబాద్ నుంచి వచ్చినవాళ్లు చేప కాదు, పచ్చతొక్కు ఎక్కడ దొరుకుతుందని అడగసాగారు. అమ్మకానికి ఇవ్వనని కాక కచ్చితంగా చెప్పాడు. మూడేసి సీసాలు ఊరికే ఇచ్చేవాడు, ఆమె ఊరికే చేపలిచ్చేది. ఆ చేపలు చిన్నమ్మ వండేది, ఇద్దరి ఇళ్లకూ సరిపోయేలా.

ఇక గేట్లెత్తిన శనివారం సంగతి.

నేను చేరిన నాలుగో ఏడు వానలు బాగా పడ్డాయి. పై నుంచి కృష్ణ నిండుగా వచ్చి, డ్యాం గేట్లు ఎత్తుతారన్న కబురు పొక్కింది. శనివారం పొద్దున్నుంచే కార్లు, బస్సులు. చేపలక్క మనిషిని పంపి, పాత సీసాలు కొన్నున్నాయి గానీ, ఈ జనానికి చాలకపోతే ఇంకో మూడుంటే బాగుంటుందని అడిగించింది. బడికి ఒంటిపూటే కావడంతో నేను కూడా కాయలొలవడానికి కూర్చున్నాను. మొదటి గంజు ఆయనే దించాడు. రెండో గంజులో తొమ్మిది సీసాలు పెట్టి నీళ్లు పోశాడో లేదో, పక్క వీధి నుంచి ఎవరో వచ్చారు. గేట్లు చూడ్డానికి వచ్చిన ఒకాయనకు పగిలిన సీసా గుచ్చుకొని చెయ్యి తెగిందట, రక్తం ఆగడం లేదట. చిన్నమ్మ చర్చిలో స్త్రీల కూడికకు వెళ్లింది. ఆయన మందుల సంచి తీసుకొని, నా వైపు చూసి ఒక్క క్షణం ఆగాడు. తర్వాత చేతి గడియారం తీసి బల్ల మీద పెట్టాడు.

"పొంగు వచ్చినంక లెక్క షురూ. ఇరవై. పోయొస్త," అన్నాడు.

నీళ్లు పొంగాయి. నేను గడియారం చూస్తూ కూర్చున్నాను. ఐదో నిమిషానికి డ్యాం దగ్గర నుంచి నా తోటి టీచరు ఫోన్ చేసింది. గేట్లు లేస్తున్నాయి, తుంపర్లు ఇక్కడిదాకా కొడుతున్నాయి, ఇంద్రధనుస్సు వచ్చింది, ఎక్కడున్నావని. ఎనిమిదో నిమిషానికి మళ్లీ చేసింది. అక్కడి హోరు ఫోన్లోనే వినిపించింది. నేనొచ్చి మూడేళ్లు దాటినా గేట్లెత్తగా ఒక్కసారీ చూడలేదు. పదో నిమిషానికి పొయ్యి ఆర్పేశాను. గుడ్డతో సీసాలు పట్టి తీసి తువ్వాలు మీద పెట్టాను. చీర మార్చుకొని వచ్చేసరికి తొమ్మిదీ టిక్కుమన్నాయి. అన్నీ లోపలికి గుంజుకున్నాయి కదా, ఇంకేం కావాలనుకున్నాను.

తాళం వేస్తుండగా ఆయన ఎదురొచ్చాడు. అయిందా అని అడిగాడు. అయింది కాకా అన్నాను. అంతే. ఆయన లోపలికి వెళ్లి గడియారం తీసి చేతికి పెట్టుకున్నాడు, నేను పరుగెత్తాను. ఆ సాయంత్రం నీళ్ల ముందు నిలబడి తడిసి ముద్దయ్యాను. తోటి టీచరు ఫోన్లో ఇరవై ఫోటోలు దిగాను. ఆనందించలేదని చెబితే అబద్ధమవుతుంది.

ప్రతి ఆదివారం ప్రార్థన నుంచి రాగానే ఇంట్లో ఉన్న సీసాల మూతలన్నీ బొటనవేలితో నొక్కి చూడటం ఆయన అలవాటు. ఎనిమిది రోజుల తర్వాత వచ్చిన ఆదివారం గోడ అవతల నుంచి నన్ను పిలిచాడు. వెళ్తే, బల్ల మీద ఒక సీసా ఉంది. మూత మధ్య బొడిపె పైకి లేచి ఉంది. ప్లాస్టరు మీద రెండో గంజు నంబరు.

ఆయన నా వైపు చూడలేదు. నోటుపుస్తకం తెరిచి, మిగిలిన ఎనిమిదీ ఎవరి దగ్గరున్నాయో చూశాడు. మూడు చేపలక్కకు, నాలుగు నాలుగిళ్లకు, ఒకటి దేవరకొండ బస్సు కండక్టరుకు. "పా, తెచ్చుకుందాం," అన్నాడు.

ఒక్క సీసా లేస్తే అన్నీ ఎందుకని చిన్నమ్మ అడిగింది. ఒకటి లేస్తే తొమ్మిదీ లేచినట్టేనని చెప్పి చెప్పులేసుకున్నాడు.

సంచి పట్టుకొని వెనక నేను. నాలుగిళ్లలోనూ ఆయన అదే మాట చెప్పాడు. "నా తప్పు. గీ గంజు నేను సక్కగ ఉడకబెట్టలే. సీస వాపస్ ఇయ్యుండ్రి." రిటైరైన లైన్‌మ్యాన్ ఇంట్లో, మా సీసా బాగానే ఉంది, ఉండనివ్వండి సారూ అన్నారు. ఆయన చెయ్యి చాచి అలాగే నిలబడ్డాడు, వాళ్లు తెచ్చి ఇచ్చేదాకా. ఎవరూ ఇంకేమీ అడగలేదు. ఈ ఇంట్లో చెప్పేస్తాను అనుకుంటూ ప్రతి గడపా ఎక్కాను, వచ్చే ఇంట్లో చెబుతాను అనుకుంటూ ప్రతి గడపా దిగాను. చేపలక్క పాత సీసాలే వాడుతూ ఉందట, మూడూ మూత తీయకుండానే తిరిగిచ్చింది. సంచిలో సీసాలు ఒకదానికొకటి తగులుతూ అడుగడుగునా చప్పుడు చేశాయి.

కండక్టరు ఫోన్ ఎత్తలేదు. బస్టాండులో ఒంటిగంట దాకా కూర్చున్నాం. బస్సు వచ్చాక కండక్టరు కిటికీలోంచే చెప్పాడు. సీసా మా అమ్మకిచ్చిన సారూ, పెద్దవూర దాటినంక మా పల్లెలో ఉంటది, మొన్న పోతే సగం తినేసింది అని. అదే బస్సెక్కాం.

ఆ ముసలమ్మ ఇంటి ముందు అరుగు మీద కూర్చుని కందులు చెరుగుతోంది. కాక నేరుగా వెళ్లి ఆమె మణికట్టు పట్టుకొని గడియారం చూశాడు. ఆమె సర్కారు నుంచి వచ్చిన మనిషి అనుకొని చేట పక్కన పెట్టి, మోకాళ్లతో మొదలుపెట్టి ఒంట్లో ఉన్నవన్నీ చెప్పింది. ఆయన అన్నీ విన్నాడు. వాంతులు లేవు, కడుపునొప్పి లేదు, మింగుడు బాగానే పడుతోంది. సరిగా ఉడకని సీసాలో పుట్టే విషం ముందు కళ్లను, గొంతును పట్టుకుంటుందని బస్సులో నాకు చెప్పాడు.

"అవ్వా, కండ్లకు ఒకటి రెండుగ కనవడుతున్నదా?" అని అడిగాడు.

"రెండు యాడియి కొడుకా. ఒక్కటే సక్కగ కనవడదు," అందామె.

ఆయన ఆమె గడ్డం పట్టి వెలుతురుకు తిప్పి చూశాడు. కుడి కంట్లో పొర. ఇది తొక్కుతో వచ్చింది కాదని నాతో మెల్లగా చెప్పి, మొదటిసారి ఊపిరి వదిలాడు. అయినా లేవలేదు. సాయంత్రం బస్సుదాకా అక్కడే కూర్చుంటానన్నాడు. అరగంటకొకసారి నాడి చూసి నోటుపుస్తకం వెనక పేజీలో రాసుకున్నాడు. మధ్యలో ఆమె మాకు రొట్టెలు చేసింది. అందులోకి లోపలి నుంచి పచ్చతొక్కు సీసా తెచ్చింది. ఆయన దాన్ని ఆమె చేతిలోంచి లాగేసుకొని, దొడ్లో గుంత తీసి పూడ్చిపెట్టాడు. ఆమెకు కోపమొచ్చింది. కొడుకు తెచ్చిన సీసా అది, పారేయడానికి నువ్వెవరు, ఇంత పుల్లటి వస్తువు ఈ ఊళ్లో ఎవరింట్లో ఉందని గట్టిగా అడిగింది. రెండు సీసాలు పంపిస్తానని, కంటికి తానే దగ్గరుండి ఆపరేషన్ చేయిస్తానని ఒట్టేశాక గానీ మళ్లీ నాడి చూడనివ్వలేదు. రెండు మాటలూ ఆ చలికాలంలోనే తీర్చాడు. నల్లగొండకు తానే తీసుకెళ్లి తీసుకొచ్చాడు.

తిరుగు బస్సు దాదాపు ఖాళీగా ఉంది. ఆయన కిటికీ పక్కన, నేను ఇవతల. ముసలమ్మ బాగానే ఉంది. ఎవరికీ ఏమీ కాలేదు. ఇక చెప్పకపోయినా నడిచిపోతుందని ఒక్క నిమిషం అనిపించింది. ఆ నిమిషం నాకు చాలా అసహ్యంగా గడిచింది.

"కాకా," అన్నాను. "ఇరవై కాదు. పది నిమిషాలకే దించిన. గేట్లు చూడాలని పోయిన."

ఆయన కిటికీలోంచి చూపు తిప్పలేదు. జేబులోంచి నోటుపుస్తకం తీశాడు. ఆ శనివారం పేజీ తెరిచి, పెన్ను పెట్టి నా ఒళ్లో ఉంచాడు. మొదటి గంజు ఎదురుగా నిమిషాల గడిలో ఇరవై అని ఉంది. రెండో గంజు ఎదురుగా ఆ గడి ఖాళీగా ఉంది.

"పది అని రాయి," అన్నాడు.

బస్సు కుదుపులకు అంకె వంకరగా పడింది. ముందే ఎరుకనా అని అడిగాను.

"నువ్వు సెప్పందే నాకెట్ల ఎరుక. అనుమానం ఉండె," అన్నాడు. "నేను సూడంది నేను రాయ బిడ్డా."

మరి అందరికీ నీ తప్పని ఎందుకు చెప్పావన్నాను. ఆయన పుస్తకం తీసుకొని, నేను రాసిన అంకె ఆరిందో లేదో వేలితో తాకి చూసి, జేబులో పెట్టుకున్నాడు. "పొయ్యి నాది. గంజు నాది. నిన్ను ఇడిచిపోయింది నేను," అన్నాడు. మళ్లీ ఆ మాట ఎత్తలేదు. క్వార్టరు చేరేదాకా ఆ ముసలమ్మ కన్ను గురించే మాట్లాడాడు.

నేను అందరికీ వెళ్లి నిజం చెబుతానన్నాను. నీ ఇష్టమన్నాడు.

సోమవారం బడి వదలగానే మొదట చేపలక్క దగ్గరికి వెళ్లాను. ఆమె మూకుడులో ముక్కలు తిప్పుతోంది. దారి పొడుగునా మనసులో అనుకున్నదంతా గబగబా చెప్పేశాను. గంజు చెడగొట్టింది సారు కాదు, నేనని. ఆమె తలెత్తలేదు. ముక్కలన్నీ రెండో వైపుకు తిప్పి, జాలిగరిటె అంచున పెట్టి, కొంగుతో ముఖం తుడుచుకుంది.

"గా సంగతి మాకు నిన్ననే ఎరుక టీచరమ్మా," అంది. "సారు గడియారం మరుస్తడా? నువ్వేమో గేట్ల కాడ ఫోటోలు దిగవడితివి. మా బండి ముందల్నించే గద ఉరుక్కుంట పోయింది."

నాలుగిళ్లకూ వెళ్లాను. లైన్‌మ్యాన్ భార్య నన్ను కూర్చోబెట్టి చాయ్ ఇచ్చింది. నేను మాట మొదలుపెట్టకముందే, పోనీలే, ఎవరికీ ఏం కాలేదు కదా అంది. మిగతా మూడిళ్లలో కూడా నేను చెప్పేది కొత్త సంగతిలా ఎవరూ వినలేదు. నేనెప్పుడొస్తానా అని చూస్తున్నట్టు విన్నారు.

ఆయన పక్క క్వార్టరులో ఆరేళ్లున్నాను. ఆయన నోటి నుంచి నేను విన్న అబద్ధం అదొక్కటే. దాన్ని నాలుగిళ్ల గడపల ముందూ, ఒక చేపల బండి దగ్గరా నిలబడి చెప్పాడు. ఒక్కరూ నమ్మలేదు.